బ్లోయరు నిమిత్తం మంజూరైన గొయ్యి

జిల్లా మార్గ నిర్వహణ శాఖ వారి జీపులో గాలి కొట్టే బ్లోయరు ఆగిపోయిన రోజూ, డ్రైవరు తాతబ్బాయి చేతికి బదిలీ ఆర్డరు వచ్చిన రోజూ ఒకటే. ఏదో అలా కలిసొచ్చిందిలే అని మీరూ నేనూ అనుకుంటాం. శాఖ వారు అలా తేలిగ్గా అనుకునే రకం కాదు.

ఆ ఆర్డరు కోసం తాతబ్బాయి ఆరేళ్ళు తిరిగాడు. భార్య వీరవేణి రేవులపాడులో నర్సు. తను కొండూరుపేటలో డ్రైవరు. మధ్యలో మూడు గంటల బస్సు. ఆదివారం పూట వెళ్ళి ఆవిడ వండిన చేపల పులుసు తిని, సోమవారం తెల్లారగట్ల మళ్ళీ బస్సెక్కే కాపురం. దానికితోడు రేవులపాడులో ఆవిడ తిరిగే రోడ్డు ఉత్త గోతుల వరస. అదీ మన శాఖదే లెండి. పసిపిల్లల టీకా మందుల పెట్టె స్కూటీకి కట్టుకుని ఆ గోతుల్లోంచే పోవాలి. రెండుసార్లు పడింది. రెండోసారి మోచెయ్యి విరిగింది. తొమ్మిదేళ్ళుగా శాఖకి అర్జీలు పెడుతూనే ఉంది, శాఖ వాటిని భద్రంగా దాస్తూనే ఉంది.

"నువ్వొచ్చేస్తే వెనకాల కూర్చుంటాను బావా. నా వల్ల కాదింక. ఆ రోడ్డు చూస్తేనే చెయ్యి నొప్పెడుతోంది" అంది ఫోనులో.

"వచ్చేస్తున్నానే. ఆర్డరు నా జేబులోనే ఉంది" అన్నాడు తాతబ్బాయి.

ఆర్డరులో ముఖ్యమైన ముక్కలు రెండే. ముప్పై రోజుల్లోగా ఇక్కణ్ణించి రిలీవ్ అవ్వాలి, లేకపోతే ఆర్డరు రద్దు. రిలీవ్ అవ్వాలంటే జీపుని "సర్వభాగములు పనిచేయు స్థితిలో" అప్పగించాలి. అదేం పెద్ద పని అనుకుని ఆ మధ్యాహ్నం జీపు స్టార్టు చేసి బ్లోయరు స్విచ్చి తిప్పాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

నేరుగా కరీముల్లా దగ్గరికి తీసుకెళ్ళాడు. బస్టాండు వెనకాల బళ్ళ కరెంటు పనులు చేసే కరీముల్లా ఎక్కువ మాట్లాడడు. ఫ్యూజు తీసి చూశాడు, బాగానే ఉంది. డాష్‌బోర్డు కిందకి దూరి మోటారు ప్లగ్గు లాగి టెస్టు బల్బు పెట్టాడు, బల్బు వెలిగింది. అంటే కరెంటు వస్తోంది. ప్లగ్గు మళ్ళీ పెట్టి, స్క్రూడ్రైవరు పిడితో మోటారు మీద టక్కున ఒక్కటిచ్చాడు. బుర్రుమని తిరిగింది!

"బ్రష్షులు పోయాయి భాయ్. లోపల రెండు బొగ్గు ముక్కలుంటాయి. అరిగిపోయి దుమ్ములో ఇరుక్కుంటున్నాయి. కుదిపితే తగులుతాయి, లేకపోతే లేదు. కొత్తవి వేస్తే అయిపోతుంది, అరగంట పని. వేసెయ్యనా?"

వేసెయ్యమని నోటి చివరిదాకా వచ్చింది. కానీ అది సర్కారు బండి. సూపరింటెండెంట్ సోమిదేవమ్మ గారిని ఓ మాట అడిగి వస్తానన్నాడు. ఆ అడగడమే తన కొంప ముంచిందని తర్వాత వందసార్లు తలబాదుకున్నాడు.

సోమిదేవమ్మ గారు ఆ ఆఫీసులో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఉన్నారు. ఆవిడకి తెలియని నిబంధన లేదు. తెలియనిది ఎదురైతే అప్పటికప్పుడు తయారు చేస్తారు.

"ప్రైవేటు వ్యక్తి స్క్రూడ్రైవరు ప్రభుత్వ స్క్రూలో పెట్టడానికి వీల్లేదు తాతబ్బాయ్" అన్నారావిడ కళ్ళజోడు సర్దుకుంటూ. "బండిని శాఖ వర్క్‌షాపుకి పంపాలి. వాళ్ళు లోపాన్ని కళ్ళారా చూసి ధ్రువీకరించాలి. ధ్రువీకరించిన లోపాన్నే బాగుచెయ్యాలి. ధ్రువీకరించని లోపం లోపమే కాదు."

"మరి గాలి రావట్లేదు కదండీ అమ్మగారూ?"

"అది నీ అభిప్రాయం" అన్నారు సోమిదేవమ్మ గారు.

ఈలోగా ఇంకో గొడవ. కార్యనిర్వాహక ఇంజనీరు భుజంగరావు గారు, అంటే అందరూ ఈఈ గారు అనే పెద్దాయన, జీపులో ముందు సీట్లో ఎడమ పక్కన కూర్చుంటారు. మోటారు సరిగ్గా ఆయన మోకాళ్ళ ముందర, డాష్‌బోర్డు లోపల ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆయన చెమటలు కక్కుతుంటే చూడలేక తాతబ్బాయి ఎడమ చేయి చాపి, పిడికిలి బిగించి, అక్కడొక్కటి గుద్దాడు. గాలి వచ్చింది. మర్నాడు మెమో కూడా వచ్చింది.

"మీరు నిన్నటి దినమున వాహనము నడుపుచూ, అధికారి వారి కుడి మోకాలికి ఆరు అంగుళముల దూరములో ముష్టిఘాతము గావించియున్నారు. సదరు ఘాతము మోటారు నిమిత్తమని మీరు చెప్పుచున్నారు. మోటారు కంటికి కానరాదు. మోకాలు కానవచ్చుచున్నది. ఇకపై ఇట్టి చర్యకు పాల్పడిన యెడల తీవ్రముగా పరిగణించబడును."

గుద్దడం అలా నిషిద్ధమైపోయింది. ఇక మిగిలింది వర్క్‌షాపే.

వర్క్‌షాపు జిల్లా కేంద్రంలో ఉంది. దారంతా హైవే, అద్దంలా ఉంటుంది, బ్లోయరు కిక్కురుమనదు. తీరా వర్క్‌షాపు గేట్లో శాఖ పుట్టినప్పటి గొయ్యి ఒకటుంది. ముందు చక్రం అందులో ధబ్బున పడిందో లేదో, బ్లోయరు బుర్రుమంటూ లేస్తుంది. ఒకసారి లేచిందంటే స్విచ్చి కట్టేసేదాకా తిరుగుతూనే ఉంటుంది. ఫోర్‌మన్ వచ్చి మొహం పెట్టి చూసి, "సుబ్బరంగా వస్తోంది కదయ్యా గాలి! హాయిగా ఉంది" అని, "లోపము కానరాలేదు" అని సర్టిఫికెట్టు రాసిచ్చాడు.

రెండోసారీ అంతే. మూడోసారి తాతబ్బాయి గేటు బయటే బండాపి, "అయ్యా, మీరే ఓ నాలుగడుగులు వేసి ఇక్కడికొచ్చి చూడండి, దణ్ణం పెడతాను" అన్నాడు.

"గేటు బయట ఉన్న బండి మా పరిధిలోకి రాదు" అన్నాడు ఫోర్‌మన్. "లోపలికి తీసుకురా, చూస్తాను."

గేటు ఇరుకు, ఎటు తిప్పినా ఒక చక్రం గోతిలో పడాల్సిందే. లోపలికి తెచ్చాడు. హాయిగా ఉందన్నాడు ఫోర్‌మన్.

మూడు సర్టిఫికెట్లు చేరేసరికి పదిహేడు రోజులు గడిచిపోయాయి. వీరవేణి రోజూ అడుగుతోంది, "ఎప్పుడు బావా?" అని. తాతబ్బాయి రోజూ రేపంటున్నాడు. ఆఖరికి వేగలేక ఈఈ గారి ఎదుట నిలబడి జరిగిందంతా చెప్పేశాడు. గోతిలో పడితే తిరుగుతుంది, పడకపోతే తిరగదు, బ్రష్షులు మార్చడానికి కాస్త అనుమతి ఇప్పించండి మహాప్రభో, అని.

భుజంగరావు గారు కుర్చీలోంచి లేచారు. ఆయన కళ్ళలో వెలుగు చూసి తాతబ్బాయికి ఎందుకో భయమేసింది.

"అంటే లోపం మోటారులో లేదన్నమాట" అన్నారాయన.

"మోటారులోనే ఉందండి బాబూ..."

"లేదని వర్క్‌షాపు వారు ముమ్మారు ధ్రువీకరించారు. అయినా గాలి రావడం లేదు. అక్కడ గొయ్యి ఉంది, గాలి ఉంది. ఇక్కడ గొయ్యి లేదు, గాలి లేదు. లోపం ఎక్కడుందో నీకింకా అర్థం కాలేదూ? మన రోడ్డులో ఉందయ్యా! మరీ నున్నగా వేసేశాం."

అదీ నిజమే. ఈఈ గారి బంగళా, ఆఫీసు, క్లబ్బు, మూడూ ఒకే రోడ్డు మీదుంటాయి. ఊరంతటికీ నున్నటి రోడ్డు అదొక్కటే. ఆయన అది దాటి ఎటూ వెళ్ళరు. "పోనీ వెనక వీధిలోంచి పోదామండీ, అక్కడ కావలసినన్ని గోతులున్నాయి" అన్నాడు తాతబ్బాయి.

"అనధికార గోతుల మీద ప్రభుత్వ వాహనం నడపమంటావా?" అన్నారు ఈఈ గారు, చాలా నొచ్చుకుంటూ.

ఆఫీసు ముందు ఒక గొయ్యి తవ్వాలని ఆ సాయంత్రమే ఫైలు కదిలింది. అయితే మొదటి కాయితం మీదే సోమిదేవమ్మ గారు అభ్యంతరం చెప్పారు. "గోతులు పూడ్చడానికి పుట్టిన శాఖ మనది. గొయ్యి అని రాస్తే పై ఆఫీసు వారు ముఖాన కొడతారండి. 'ప్రకంపన ప్రేరక నిమ్నత' అని రాద్దాం." అలాగే రాశారు. పై ఆఫీసు వారికి మాట అర్థం కాలేదు కాబట్టి వెంటనే మంజూరు చేశారు.

ఇక చూడాలి హడావుడి! వర్క్‌షాపు గేట్లో ఉన్న అసలు గొయ్యి కొలతలు తీసుకురావడానికి ముగ్గురు ఇంజనీర్లు టేపులు పట్టుకుని వెళ్ళారు. ఒకాయన అందులోకి దిగి ఫోటో కూడా తీయించుకున్నాడు. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అయిదంగుళాల లోతు. నమూనా గీశారు, మట్టి పరీక్ష చేశారు. తారు పగలగొట్టడానికి జిల్లాలోకెల్లా మంచి మేస్త్రీలను రప్పించారు. మామూలు గొయ్యి పూడ్చడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టే శాఖ ఈ గొయ్యి తవ్వడం ఎనిమిది రోజుల్లో పూర్తి చేసింది.

రిబ్బను కట్టారు. కొబ్బరికాయ మాత్రం పక్కన రాయి తెప్పించి కొట్టారు, గొయ్యి అంచు మీద కొడితే కొలత మారిపోతుందని. వాన పడితే నీళ్ళు నిలుస్తాయని పైన రేకుల కప్పు వేశారు. చుట్టూ ఎర్రదీపాలు, పక్కన ఈఈ గారి పేరుతో శిలాఫలకం. "ఇది శాఖ వారి నిమ్నత. చెత్త వేయరాదు, పూడ్చరాదు" అని బోర్డు. పొద్దున్నా సాయంత్రం ఊడవడానికి ఒక మనిషి, కాపలాకి ఒక మనిషి. కొండూరుపేటలో అంత పద్ధతిగా నడిచే ప్రభుత్వ సదుపాయం ఇంకోటి లేదని అందరూ ఒప్పుకున్నారు.

వెనక వీధి ఆడవాళ్ళు పదిమంది వచ్చి, "మా వీధిలో ముప్పై గోతులున్నాయి బాబూ, మొన్న ముసలాయన పడ్డాడు. మీ గోతికి పెట్టినట్టు మా వాటికీ కనీసం ఓ దీపం పెట్టించండి" అని అడిగారు.

"చూడండమ్మా" అన్నారు ఈఈ గారు ఓపిగ్గా, "అవి వాటంతటవి పడిన గోతులు. వాటికీ శాఖకీ ఎటువంటి సంబంధమూ లేదు."

తాతబ్బాయి జీపు తెచ్చి ఎడమ చక్రం గోతిలో దింపాడు. ధబ్! బుర్రుమని గాలి. చప్పట్లు మోగిపోయాయి. సర్వభాగములు పనిచేయుచున్నవి. తాతబ్బాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పటికి ఇరవై ఆరో రోజు. "ఎల్లుండి నీ చేతి పులుసు తింటానే" అని ఫోను చేసేశాడు పాపం.

ఇరవై ఎనిమిదో రోజున, కొత్తగా వచ్చిన డ్రైవరు నూకరాజు చేతికి తాళాలిచ్చారు. నూకరాజు జీపుని గోతిలోకి కాస్త జోరుగా దింపాడు. ఈఈ గారి తల టాపుకి తగిలి బొప్పి కట్టింది. బ్లోయరు లేవలేదు. మళ్ళీ దింపాడు, ఈసారి మరీ నెమ్మదిగా. ఈఈ గారు తల పట్టుకుని కూర్చున్నారు. బ్లోయరు మాత్రం ఊఁ అనలేదు.

సోమిదేవమ్మ గారు ఫైలు తెరిచి గంభీరంగా చెప్పారు. "నిమ్నతలో వాహనమును ప్రవేశపెట్టు నైపుణ్యము శాఖలో నీకొక్కడికే ఉన్నట్టు రుజువైంది. నిపుణుణ్ణి వదులుకోకూడదు. అంచేత నీ రిలీవింగు ఆపేస్తున్నాం తాతబ్బాయ్. ఇది నీకు గౌరవం."

"నాకొద్దండి ఈ గౌరవం! అమ్మగారూ, నా పెళ్ళానికి చెయ్యి విరిగిందండి. ఆరేళ్ళయిందండి..." తాతబ్బాయి చేతులు జోడించాడు.

"నీ బాధ నాకు తెలుసయ్యా" అన్నారావిడ. నిజంగానే తెలుసు. మంచి మనిషే. "కానీ ఫారములో బాధకి కాలమ్ లేదు."

మర్నాడు, అంటే ఇరవై తొమ్మిదో రోజున, నిమ్నత నిర్వహణ మీద సమీక్షా సమావేశం పెట్టారు. ఇంజనీర్లందరూ లోపల. నిపుణుడు కాబట్టి తాతబ్బాయిని కూడా పిలిచి మొదటి పది నిమిషాలు నిలబెట్టారు. మిగతా ఊళ్ళలోని ఆఫీసులకి కూడా ఇలాంటి నిమ్నతలు ఇవ్వాలని పై ఆఫీసు వారు ముచ్చటపడుతున్నారట, ప్రమాణాలు రాయాలట.

"నిమ్నతకి అటూ ఇటూ ఎంత మేర రోడ్డు నున్నగా ఉండాలి తాతబ్బాయ్? అనుభవంతో చెప్పు" అన్నారు ఈఈ గారు బొప్పి తడుముకుంటూ.

తాతబ్బాయికి వీరవేణి మోచేతి కట్టు గుర్తొచ్చింది. ఆవిడ ఇంటి నుంచి టీకాల కేంద్రం దాటి, రేవులపాడులోని శాఖ ఆఫీసు దాకా ఎంత దూరమో కూడా గుర్తొచ్చింది.

"రెండు కిలోమీటర్లుండాలండి" అన్నాడు.

"అంతా?"

"మధ్యలో ఇంకో గొయ్యి తగిలిందనుకోండి, బ్లోయరు ముందే లేచిపోద్దండి. అప్పుడు అనధికార గోతి వల్ల లేచిందో, మన గోతి వల్ల లేచిందో ఎలా తేలుస్తారండి?"

"ఎంత మాటన్నాడు!" అన్నారు ఈఈ గారు. సోమిదేవమ్మ గారు రాసేసుకున్నారు. తాతబ్బాయిని ఇక వెళ్ళమన్నారు. సమావేశం ఇంకో మూడు గంటలు సాగింది.

ఆ మూడు గంటల్లో ఏం జరిగిందో ఏ ఫైల్లోనూ లేదు. జీపు బస్టాండు వెనకాల కరీముల్లా రేకుల షెడ్డులో ఉంది. తాతబ్బాయి గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూస్తూ కాపలా కాస్తున్నాడు. ఎవరైనా చూశారో, బదిలీ మాట దేవుడెరుగు, ఉద్యోగమే ఊడుతుంది. కరీముల్లా మూడు స్క్రూలు విప్పి మోటారు కిందకి లాగాడు. ఫ్యాను రెక్కల్లోంచి ఎండుటాకులూ దుమ్మూ రాల్చాడు. లోపలి రాగి చుట్టును గరుకు కాయితంతో రుద్ది మెరిపించాడు. అరిగిన బొగ్గు ముక్కలు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. పెసరగింజంత కూడా లేవు.

"దీనికా భాయ్ అంత గొయ్యి తవ్వారు?" అన్నాడు.

కొత్తవి వేసి బిగించాడు. స్విచ్చి తిప్పగానే గాలి రివ్వున వచ్చి తాతబ్బాయి మొహానికి కొట్టింది. అరగంట కూడా పట్టలేదు.

ముప్పయ్యో రోజు ఉదయం నూకరాజుకి ఆఖరి పరీక్ష. అతనూ గాలి లేపితేనే తాతబ్బాయిని వదులుతారు. ఈఈ గారు ముందు కూర్చున్నారు, తలకి తువ్వాలు చుట్టుకుని. సోమిదేవమ్మ గారు వెనకాల, ఒళ్ళో ఫైలు. పక్కన తాతబ్బాయి. నూకరాజు బంగళా దగ్గర బండి స్టార్టు చేసి స్విచ్చి వేశాడు. రివ్వుమని గాలి వచ్చేసింది. గొయ్యి ఇంకా అరకిలోమీటరు ఉంది!

ఈఈ గారి తువ్వాలు అంచు గాలికి రెపరెపలాడుతోంది. ఆయన నెమ్మదిగా వెనక్కి తిరిగి తాతబ్బాయి మొహం చూశారు. తాతబ్బాయి తన చెప్పులు చూసుకున్నాడు. దూరంగా రేకుల కప్పు, ఎర్రదీపాలు, శిలాఫలకం మీద ఈఈ గారి పేరు కనిపిస్తున్నాయి.

"నూకరాజూ" అన్నారు భుజంగరావు గారు చివరికి, చాలా మెల్లిగా. "స్విచ్చి కట్టెయ్."

కట్టేశాడు. జీపు వెళ్ళి గోతిలో ధబ్బున పడి లేచింది.

"ఇప్పుడు వెయ్."

గాలి వచ్చింది. "నిమ్నత దిగ్విజయముగా పనిచేయుచున్నది" అని సోమిదేవమ్మ గారు తలెత్తకుండా రాసుకున్నారు. ఆ మధ్యాహ్నం తాతబ్బాయిని రిలీవ్ చేశారు. కాయితం చేతికిస్తూ, "నిపుణుడివి, శాఖ రహస్యాలు శాఖలోనే ఉండాలి, ఏం?" అన్నారావిడ. "ఆయ్, ఉంటాయండి" అని పరుగున పోయి బస్సెక్కాడు. కొండూరుపేట జీపులో మాత్రం ఈనాటికీ బ్లోయరు గొయ్యి దాటాకే వేస్తారు.

రేవులపాడులో తాతబ్బాయి చేరి నెల తిరక్కుండానే సర్క్యులరు వచ్చింది. ప్రతి ఆఫీసు ముందూ ప్రమాణాల ప్రకారం ఒక నిమ్నత ఉండి తీరాలి. "మా జీపు బ్లోయరు బాగానే ఉంది కదా?" అన్నాడు అక్కడి ఇంజనీరు. "ఇప్పుడు బాగుంటే? ముందు జాగ్రత్త ఉండొద్దా?" అని జవాబొచ్చింది. నిమ్నతకి అటూ ఇటూ రెండేసి కిలోమీటర్లు ఒక్క అనధికార గొయ్యీ ఉండరాదని కింద గీత గీసి మరీ రాశారు. స్థలం చూపించాల్సింది నిపుణుడు తాతబ్బాయి. ఆఫీసు గేటు పక్కన, ఎవరూ నడవని గోడవార చూపించాడు.

తొమ్మిదేళ్ళ అర్జీలకి కదలని రోడ్డు తొమ్మిది రోజుల్లో పడింది. కంకర, తారు, రోలరు, అన్నీ వచ్చాయి. వీరవేణి ఇంటి ముందు నుంచి టీకాల కేంద్రం దాటి ఆఫీసు దాకా నల్లగా, నున్నగా. పదో రోజున, రోడ్డు ఆరాక, గోడవార కొలత ప్రకారం ఒక గొయ్యి తవ్వి రిబ్బను కట్టారు.

ఆ పొద్దున వీరవేణి టీకా పెట్టె స్కూటీకి కట్టుకుంది. వెనకాల కూర్చుంటానన్న మనిషి, తాతబ్బాయినే వెనకాల కూర్చోబెట్టుకుని తనే నడిపింది. చెయ్యి ఎక్కడా వణకలేదు. టీకాల కేంద్రం దాటి, మొగుణ్ణి ఆఫీసు దగ్గర దింపడానికి వచ్చి, రేకుల కప్పు కింద ఎర్రదీపాల మధ్య నిగనిగలాడుతున్న గొయ్యిని కాసేపు చూసింది.

"బావా" అంది, "రేవుకి అవతల మా అమ్మా వాళ్ళ ఊరి దారి కూడా ఇలాగే ఏడుస్తోంది. అక్కడి జీపులో బ్లోయరు ఎలా ఉందో ఓసారి కనుక్కోరాదూ?"